గోడ అవతలి డైరెక్టరు

రెండేండ్ల కింద, చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, మా తమ్ముడు పాత క్యాలెండరు నుంచి ఒక కాగితం చించి, వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి పది గీతలు కొట్టినాడు. ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసినాడు. పైన ‘గొప్ప డైరెక్టర్లు’ అని పెద్దక్షరాలతో రాసినాడు. ఆ రోజు మొదలైన కొట్లాట వేసవి సెలవుల దాకా మా ఇంట్లో ప్రతి ఆదివారమూ సాగింది.

ఆ డైరెక్టర్ల పేర్లు నేనిక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళు కూడా పక్షాలు కట్టి దిగుతారు, నేను చెప్పాలనుకున్నది పక్కకు పోతుంది. మేము కూడా పేర్ల కంటే మారుపేర్లతోనే ఎక్కువ పిలుచుకునేవాళ్ళం. ప్రతి సినిమాలోనూ హీరోయిన్ని వానలో తడిపే ఆయన వాన డైరెక్టరు. పెద్ద ఇల్లు, ఇంటి నడుమ మెట్లు, ఆ మెట్ల మీద నుంచి కోపంగా దిగివచ్చే కొడుకు లేకుండా సినిమా తీయలేని ఆయన మెట్ల డైరెక్టరు. చివరి అరగంట కథను తీసుకపోయి కోర్టులో పడేసే ఆయన కోర్టు డైరెక్టరు. అట్లా.

మేముండేది బళ్ళారిలో, గాంధీనగర్లో. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. తమ్ముడు పోస్టాఫీసులో పని చేస్తాడు. నాయన పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసినాక తమ్ముడు నేరుగా మా ఇంటికే వచ్చి, భోంచేసి, సాయంత్రం దాకా కదలడు. వాడికి సినిమా పిచ్చి. వాడితో పాటు ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకరు వాడి చిన్ననాటి స్నేహితుడు, బజారులో తాతల నాటి బట్టల అంగడి ఉన్న శెట్టి. ఇంకొకరు నా స్కూల్లో కన్నడ చెప్పే మేష్ట్రు, సంగనకల్లు నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవాడు. నా భర్తకు ఈ గోల పట్టదు. తిన్నాక తలుపు వేసుకొని పడుకునేవాడు.

నన్ను కూర్చోబెట్టింది లెక్కల కోసం. కథకు ఇన్ని మార్కులు, పాటలకు ఇన్ని, నటన రాబట్టినందుకు ఇన్ని అని ఒక పద్ధతి పెట్టి, కూడి, ఎవరు పైన ఎవరు కింద అని తేల్చమన్నారు. మొదటి వారమే ఆ పద్ధతి మంట గలిసింది. తమ్ముడు వాన డైరెక్టరుకు అన్నింట్లోనూ పదికి పది ఇచ్చినాడు.

"పాటలు బాగుంటే దానికి పాట రాసినాయప్ప గొప్పోడు, ట్యూను కట్టినాయప్ప గొప్పోడు. మీ వాన డైరెక్టరు చేసిందేముండాది? కొళాయి తిప్పినాడు" అన్నాడు శెట్టి.

"యాడ తిప్పాలో తెలియాల కదప్పా" అన్నాడు తమ్ముడు.

శెట్టికి ఇంకో కొలత ఉంది. వాడు డైరెక్టర్లను చీరలతో కొలుస్తాడు. సినిమా విడుదలైన వారంలో ఆడవాళ్ళు అంగడికొచ్చి, ఫలానా పాటలో ఆమె కట్టుకున్న చీర చూపించప్పా అని అడిగితే ఆ డైరెక్టరు గొప్పవాడు. అడగకపోతే సినిమా వంద రోజులు ఆడినా వాడి దృష్టిలో సున్నా. "మా నాయన కాలం నుంచి చూస్తాండా. మెట్ల డైరెక్టరు సినిమా వచ్చిందంటే నెల రోజులు మాకు జరీ అంచు తప్ప ఇంకోటి అమ్ముడుపోదు. మనిషి ఇంటికి పోయినాక కూడా గుర్తుండేదే గొప్ప" అనేవాడు. అది విన్నప్పుడు నవ్వినాము గానీ, తర్వాత ఆలోచిస్తే అందులో న్యాయం లేకపోలేదు.

మేష్ట్రుది వేరే పేచీ. "ఊరు యావ రాజ్యద్దు? కర్ణాటకద్దు. హంగాద్రె ఐదు గెరె నమ్మవు" అని మొదటి రోజే పట్టు పట్టినాడు. ఊరు కర్ణాటకలో ఉంది కాబట్టి పది గీతల్లో ఐదు కన్నడ డైరెక్టర్లవి అని.

"ఊరు మీదైతే ఏమి మేష్ట్రే, ఈలలు తెలుగువి" అన్నాడు తమ్ముడు.

ఆ మాటకు మేష్ట్రు అలిగి టీ తాగకుండా పోయినాడు. మళ్ళీ ఆదివారం ఆయనే ముందొచ్చినాడు, చేతిలో వేడి మిరపకాయ బజ్జీల పొట్లం పట్టుకొని. మాకందరికీ రెండు భాషల సినిమాలూ తెలుసు. చిన్నప్పుడు ఏ టాకీసులో ఏ భాష ఆడుతుందో చూసి పోయినవాళ్ళం కాదు, ఏది ఆడితే దానికి పోయినవాళ్ళం. గీతల దగ్గరికి వచ్చేసరికే ఈ సరిహద్దులు గుర్తొచ్చేవి.

అమ్మ ఇదంతా వింటూ వంటింటి గడప దగ్గర కూర్చొని అనపకాయలు వలిచేది. వినేదని మాకు తెలియదు. మూడో వారమో నాలుగో వారమో, తమ్ముడు వాన డైరెక్టరును ఒకటో గీత మీద రాయబోతుంటే గడప దగ్గర నుంచి మాట వచ్చింది.

"ఆయప్ప ఒకటోది కాదులేరా."

అందరమూ అటు తిరిగినాము. అమ్మ తలెత్తలేదు. అనపగింజలు గిన్నెలో పడుతున్నాయి.

"ఆయప్పకు నమ్మకం తక్కువ. మనిషి ఏడిస్తే చాలు, యాడ జనానికి తెలీకుండా పోతాదో అని పది వయొలిన్లు పెట్టిస్తాడు. మెట్లాయన నయం. చెప్పులు మెట్ల మీద టకటకమంటే మనకే భయమైతాది. మళ్ళ మాటే అక్కర్లేదు."

శెట్టి నోరు తెరుచుకొని చూసినాడు. "పెద్దమ్మా, నువ్వు జన్మలో సినిమాకు పోలేదంటివే?"

"పోలేదప్పా. యాడికి పోతి?"

ఇది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. అమ్మ నాయన, అంటే మా తాత, పాత మిషను సంఘంలో పెద్ద. చాలా కట్టుదిట్టమైన మనిషి. పెళ్ళికి ముందు రోజు అమ్మ చేయి బైబిలు మీద పెట్టించి, సినిమా టాకీసులో అడుగు పెట్టనని మాట తీసుకున్నాడట. ఆ మాట ఇచ్చిన పిల్లను తెచ్చి, ఊరి నడుమ ఒక టాకీసు వెనక గోడకు ఆనుకున్న ఇంట్లో కాపురం పెట్టించినారు. నాయన అద్దెకు తీసుకున్న ఇల్లు అది. టాకీసులో తెర ఉన్న వైపు గోడే మా వంటింటి గోడ. తెర వెనకే స్పీకర్లు. రోజుకు నాలుగు ఆటలు. నేను పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే, మా తమ్ముడు పుట్టింది అక్కడే. ఆ టాకీసు ఇప్పుడు లేదు, పడగొట్టి అంగళ్ళ కాంప్లెక్సు కట్టినారు.

నాకు ఆ సద్దు నిద్రలో కూడా అలవాటే. హీరో విలన్ని కొడుతుంటే మేము అన్నం తినేవాళ్ళం. అమ్మ ఏ డైలాగు వస్తే పాలు పొయ్యి మీద పెట్టాలో, ఏ పాట అయిపోతే నాయన డ్యూటీ నుంచి వచ్చే టైమో చెప్పేది. ఇంట్లో గడియారం ఉన్నా దాన్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు. కానీ అమ్మ ఆ సినిమాలను అంత లోతుగా వింటున్నదని, డైరెక్టర్లను ఒకరి నుంచి ఒకరిని చెవులతో వేరు చేసుకుంటున్నదని నాకెప్పుడూ తోచలేదు. టీవీ వచ్చినాక కూడా అమ్మ టీవీకి వీపు చేసి కూర్చొని, ఏదో ఒక పని చేసుకుంటూ వినేది. అదేందమ్మా అంటే, చూస్తే కత తెలీదులే అనేది. తమాషాకు అంటున్నదనుకునేవాళ్ళం.

"అయితే నీ లెక్కలో ఒకటోది ఎవరమ్మా?" అని అడిగినాడు తమ్ముడు, పెన్ను పట్టుకొని.

"ఆయప్ప పేరు నాకు తెలీదు. సినిమా పేరూ తెలీదు. పోస్టర్లన్నీ ముందర వైపు కదా అంటించేది."

"మరి?"

అమ్మ గిన్నె పక్కన పెట్టింది. "అక్క అప్పుడు రెండో తరగతి. ఒక సినిమా వచ్చె. ఎక్కువ రోజులు ఆడలే. మేకలు అమ్మే ఒకాయప్ప ఉంటాడు, వాని మాటలకు జనం పడీపడీ నవ్వుతాండిరి. ఆ మేకలాయన అన్న కూతురికి ఒక బిడ్డ పుడతాది. ఆ బిడ్డ పోతాది. బిడ్డ పోయినాక మామూలుగా ఏమి పెడతారు? ఏడుపు, పాట, ఉరుములు. ఆయప్ప ఏమీ పెట్టలే. మాట లే, మ్యూజిక్కు లే. మూడు నాలుగు నిమిషాలు ఏమీ లేదు. నేను కరెంటు పోయిందనుకుంటి. కరెంటు పోలే, మా ఇంట్లో లైటు ఎలగతాంది. జనానికి అర్థం గాలే, ఈలలేసిరి, అరిచిరి. ఆయప్ప ఊరికే ఉండిపాయె. తర్వాత తలుపు తీసిన సద్దు. ఆమె ఎవరితోనో, ‘నీళ్ళు కాగినాయి, స్నానానికి రా’ అంటాది. అంతే."

తమ్ముడు పెన్నుకు మూత పెట్టినాడు.

"బిడ్డ పోయిన ఇంట్లో అట్లే ఉంటాదిరా. తెలిసినోడప్పా ఆయన. తెలిసినోడు తప్ప అట్లా తీయలేడు" అని గిన్నె తీసుకొని లోపలికి పోయింది.

మేష్ట్రు గట్టిగా ఊపిరి వదిలి, "నోడ్రీ, ఒకటో గీత ఖాళీగా పెట్టండి. ఆ సినిమా హుడుకోణ" అన్నాడు. వెతుకుదాం అని. ఐదు గీతలు మావి అన్న మనిషి, అది ఏ భాష సినిమా అని కూడా అడగలేదు.

వెతుకులాటే ఒక పని అయింది మాకు. తమ్ముడు ఫోనులో పాత సినిమాల పిచ్చివాళ్ళ గుంపులు ఎన్నింటిలో ఉన్నాడో అన్నింటిలోనూ మేకల వ్యాపారి సంగతి, ‘నీళ్ళు కాగినాయి’ అనే మాట రాసి పెట్టినాడు. తప్పు జవాబులు చాలా వచ్చినాయి. ఒకాయన అది మేకలు కాదు గాడిదలని వాదించి, రెండు రోజులు తమ్ముడి బుర్ర తిన్నాడు. పరీక్షల పేపర్లు దిద్దే రోజుల్లో, ఎవరో ముసలాయన కడప వైపు నుంచి సినిమా పేరు చెప్పి, అది ఇంటర్నెట్లో ఎక్కడుందో కూడా పంపించినాడు. రంగులు వెలిసిపోయిన ప్రింటు, చూసినవాళ్ళు కూడా వేళ్ళ మీద లెక్కబెట్టేంత మందే.

అమ్మకు చెప్పకుండా ముందు మేమే చూడాలనుకున్నాము, అదో కాదో తేలాలి కదా అని. శనివారం సాయంత్రం తమ్ముడింట్లో ఫోను గోడకు ఆనించి ఇద్దరం కూర్చున్నాము. మేకలాయన వచ్చినాడు. మాకూ నవ్వొచ్చింది. బిడ్డ పుట్టింది. ఇదే, ఇదే అని తమ్ముడు నా చేయి గిల్లినాడు. బిడ్డ పోయింది.

ఉరుము ఉరిమింది. వయొలిన్లు మొదలైనాయి. ఆమె ఖాళీ ఉయ్యాల పట్టుకొని గుండెలు బాదుకొని ఏడ్చింది. ఏడుపు లోంచి పాట ఎత్తుకున్నారు. నాలుగు నిమిషాల పాట, రెండు చరణాలు. పాట అయిపోయినాక తలుపు తెరుచుకుంది. ‘నీళ్ళు కాగినాయి, స్నానానికి రా’ అన్నది ఆమె.

తమ్ముడు ఫోను ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూసినాడు. మళ్ళీ అదే పాట.

"అక్కా, అమ్మ మర్చిపోయిందేమో."

"తక్కినదంతా అక్షరం పొల్లుపోకుండా చెప్పింది కదా. ఇదొక్కటే మర్చిపోతుందా?"

మరుసటి వారం ఏమీ దొరకలేదని అబద్ధం చెప్పినాము. శెట్టికి మాత్రం నిజం చెప్పినాడు తమ్ముడు. శెట్టి అన్నాడట, ఆ టాకీసులో మిషను ఆడించిన ఆపరేటరు ఇంకా ఉన్నాడు, సండూరులో కూతురింట్లో ఉంటున్నాడు, ఆ కూతురి పెళ్ళి బట్టలు మా అంగట్లోనే తీసినారు, ఫోను నంబరు ఉంది అని. రీలు ఏమన్నా తెగిపోయి ఆడించినారేమో, ఆయనకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

అట్లా వేసవి సెలవుల మొదటి వారంలో నేనూ తమ్ముడూ సండూరు బస్సెక్కినాము. దారంతా ఖనిజం లారీలు. కిటికీ మూసినా ఎర్రదుమ్ము ఎట్లాగో లోపలికి వచ్చింది. దిగేసరికి తమ్ముడి తెల్ల చొక్కా చేతులు ఇటుక రంగుకు తిరిగినాయి.

ఆపరేటరు ముస్లిం పెద్దాయన. తెల్ల గడ్డం, బనీను మీద తువ్వాలు. ఒక చెవి సరిగ్గా వినపడదు, అన్నేండ్లు మిషను పక్కన నిలబడి అట్లా అయిందన్నాడు. కూతురు మాకు షర్బతు తెచ్చిచ్చింది. తమ్ముడు సినిమా పేరు చెప్పినాడు. ఆయన కాసేపు గడ్డం రుద్దుకున్నాడు.

"ఆ సినిమానా? మేకలది? అది పన్నెండు రోజులో పదమూడు రోజులో ఆడింది బేటా. దాన్ని అడిగేవాళ్ళు కూడా ఉండారా?"

"ఆ బిడ్డ పోయే సీను కాడ రీలు ఏమన్నా తెగి ఉండిందా? పాట లేకుండా వేసిరా?"

ఆయన నా వైపు, తమ్ముడి వైపు మార్చి మార్చి చూసినాడు. "మీరు యాడోళ్ళు?"

టాకీసు వెనకింటి వాళ్ళమని చెప్పినాను. నాయన ఏ పని చేసేవాడో చెప్పినాను. ఆయన ముఖం మారింది. షర్బతు గ్లాసు కింద పెట్టినాడు.

"రీలు సరిగ్గానే ఉండె. నేనే సౌండు తీసేస్తి" అన్నాడు.

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ సినిమా వచ్చిన రెండో రోజో మూడో రోజో, గేటు కాడ టికెట్లు చింపే ఆయన పైకొచ్చి చెప్పె. వెనకింటి ఆయమ్మకు పుట్టిన బిడ్డ ఆస్పత్రిలో పోయిందంట, ఆయమ్మను ఇప్పుడే ఇంటికి తెచ్చినారంట అని. మ్యాట్నీ ఆడతాండాది. ఇంకా పది నిమిషాలకు ఆ సీను వస్తాది. ఆ సినిమాలోనూ బిడ్డే కదా పోయేది. పరదా వెనక స్పీకర్లు, స్పీకర్ల వెనక గోడ, గోడకవతల ఆయమ్మ పండుకొని ఉండాది. నా చేయి ఊరుకోలే బేటీ. సినిమాలో బిడ్డ పోతానే, ఉరుము కూడా రాకముందే, సౌండు నాబు పూరా కిందికి తిప్పేస్తి."

"జనం ఊరుకున్నారా?" అన్నాడు తమ్ముడు.

"ఊరుకుంటారా! ఈలలు, బూతులు. సోడా మూతలు నా కిటికీ మీదికి. మేనేజరు పరిగెత్తుకుంటా వచ్చె. ఏమాయె అంటే, రీలు ఈడ అరిగిపోయి ఉండాది సార్, గరగర వస్తాది, అందుకే తగ్గించినా అని చెప్తి. ఆయన నమ్మెనో లేదో తెలీదు. ఏమీ అనలే. సినిమా తీసేసిందాకా నాలుగాటలూ అట్లే వేస్తి. పాట అయిపోతానే తలుపు తీసేది ఉంటాది చూడు, ఆడ మళ్ళా పెంచుతాంటి."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. నాకూ తమ్ముడికీ నడుమ ఒకడు పుట్టినాడు. తొమ్మిది రోజులున్నాడు. నన్ను ఆ వారమంతా పక్క వీధిలో చర్చి పాటలు నేర్పే ఆమె ఇంట్లో ఉంచినారు. తిరిగి వచ్చేసరికి ఉయ్యాల లేదు. చీర కట్టిన దూలం కొక్కెం మాత్రం ఉంది. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఏటా ఒకసారి అమ్మా నాయనా సమాధుల తోటకు పోయి వచ్చేవాళ్ళు, మమ్మల్ని తీసుకపోయేవాళ్ళు కాదు. తమ్ముడికి ఈ సంగతి పెద్దయినాక ఎప్పుడో ఒక మాటగా తెలుసు, అంతే. అమ్మ ‘అక్క అప్పుడు రెండో తరగతి’ అని చెప్పినప్పుడు కూడా, లెక్కలు చెప్పే నేను ఆ లెక్క వేయలేదు.

"మీ అమ్మ బాగుండాదా?" అని అడిగినాడు ఆపరేటరు.

"బాగుంది."

"అప్పట్లో వచ్చి పలకరిద్దామనుకుంటి. ఏమని వచ్చేది? తెలీనోళ్ళం. వచ్చి ఏమి చెప్పేది?"

మేము లేచినప్పుడు ఆయన గుమ్మం దాకా వచ్చినాడు. తమ్ముడు వంగి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. వాడు అట్లా ఎవరి చేతులూ పట్టుకోవటం నేను చూడలేదు.

తిరుగు బస్సెక్కినాము. కొండ దిగినాక తమ్ముడన్నాడు, "చెప్పొద్దక్కా. అమ్మ మనసులో అట్లే ఉండనీ. ఇన్నేండ్లు ఒక గొప్ప డైరెక్టరు ఉన్నాడనుకుంది. లేడని మనమెందుకు చెప్పాలి?"

నాకు అది సబబు అనిపించలేదు. అమ్మకు దాని కంటే పెద్దది ఒకటి జరిగింది, అది ఆమెకు తెలియకపోతే ఎట్లా? ఆ రాత్రి నేను నిద్రపోలేదని చెప్పను, బస్సు అలసటకు బాగానే నిద్రపోయినాను. పొద్దున లేచినప్పుడు మాత్రం చెప్పాలనే ఉంది.

అమ్మ మిద్దె మీద వడియాలు పెడుతోంది. నేను పక్కన కూర్చొని పిండి గిన్నె పట్టుకొని మొదటి నుంచి చివరి దాకా చెప్పినాను. సినిమా దొరికిందని, దాంట్లో పాట ఉందని, సండూరు పోయినామని, ఆయన నాబు తిప్పినాడని. అమ్మ వడియాలు పెడుతూనే ఉంది. వరుస పూర్తయినాక చేయి ఆగింది.

"మేనేజరు ఏమీ అనలేదంటనా?"

"ఏమీ అనలేదంట."

"జనం మూతలేసినారంటనా?"

"ఆఁ."

అమ్మ పైట చెంగుతో చేయి తుడుచుకుంది.

"నేను ఏమనుకుంటినో తెలుసునా? ఆ డైరెక్టరుకు కూడా ఒక బిడ్డ పోయుంటాది అనుకుంటి. యా ఊరోడో, ఏం పేరో. ఆయప్ప పెండ్లాము ఎట్లుండాదో అనుకుంటి. ప్రార్థనలో వాళ్ళిద్దరినీ తలుచుకుంటాంటి. చానా ఏండ్లు తలుచుకుంటి" అన్నది. "మీ నాయన ఒక్క మాట మాట్లాడలే అప్పుడు. మా నాయన వచ్చి దేవుని చిత్తమనె. చర్చి వాళ్ళొచ్చి పాట పాడిరి. గోడ అవతలోడు ఒకడే గమ్మునుండె. వానికే తెలిసిందనుకుంటి."

నేను అమ్మ భుజం మీద చేయి వేసినాను. అమ్మ ఏడ్వలేదు. పిండి ఎండిపోతాంది పట్టుకో అని ఇంకో వరుస మొదలుపెట్టింది. ఆ వరుస వంకరగా వచ్చింది.

సాయంత్రం తనే అడిగింది, ఆ సీను పెట్టు చూస్తానని. ఫోను చేతిలోకి తీసుకొని, కండ్లద్దాలు సవరించుకొని, వీపు తిప్పకుండా చూసింది. ఉరుము, వయొలిన్లు, రెండు చరణాలు, తలుపు. అయిపోయినాక ఫోను నాకిచ్చింది.

"పాట బాగనే ఉండాది. ఆయమ్మ బాగనే చేసింది. కానీ అంత ఏడిస్తే గొంతు లేస్తాదా పాడేకి? నాలుగోదో అయిదోదో ఇయ్యమను మీ తమ్మున్ని. ఆ తలుపు, నీళ్ళ మాట ఆయప్పదే కదా. అది తప్పు పట్టేకి లేదు."

తమ్ముడు ఐదో గీత మీద ఆ పేరు రాసినాడు. మేష్ట్రు అది తెలుగు పేరే అయినా అడ్డు చెప్పలేదు. శెట్టి మాత్రం, ఆ సినిమాలో చీరలు ఒక్కటీ బాగలేవు, ఏడుకు దించండప్పా అని గొణిగినాడు. ఒకటో గీత కోసం వాన పక్షమూ మెట్ల పక్షమూ ఇంకో రెండు వారాలు కొట్టుకున్నాయి. బడులు తెరిచినాక మేష్ట్రుకు హొసపేట వైపు మంచి ఉద్యోగం దొరికింది. శెట్టి అంగట్లో పని పెరిగి ఆదివారాలు కూడా తెరవటం మొదలుపెట్టినాడు. ఎవరూ ఇక చాలు అనలేదు, ఎవరి పనుల్లో వాళ్ళు పడినాము. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. తమ్ముడు భోంచేసి, కాసేపు ఫోను చూసుకొని పోతాడు. ఆ అరుపులు, ఆ బజ్జీల వాసన, గడప దగ్గర నుంచి అమ్మ విసిరే మాటలు తలుచుకుంటే, ఆ నాలుగైదు నెలలు ఎంత బాగా బతికినామో అనిపిస్తుంది.

సండూరు నంబరు అమ్మ తన ఫోనులో వేయించుకుంది. మొదటిసారి చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెద్దాయనకు చెవి సరిగ్గా వినపడదు కాబట్టి అమ్మ గట్టిగా మాట్లాడవలసి వచ్చింది.

"అన్నా, నేను టాకీసు వెనకింటి దాన్ని."

అవతల ఏమన్నాడో నాకు వినపడలేదు. అమ్మ చాలాసేపు ఊఁ కొట్టింది. ఒకసారి ముక్కు చీదుకుంది. తర్వాత, "మోకాళ్ళకు ఏం మందు వాడతాండారు?" అని అడిగింది. ఆయన ఏదో నూనె పేరు చెప్పినట్టున్నాడు. అమ్మ నన్ను పెన్ను తెమ్మని సైగ చేసింది. ఆ నూనె బళ్ళారిలో యాడ దొరుకుతాదో, వేడి చేసి పూయాలో చల్లగా పూయాలో, రోజుకు ఎన్నిసార్లో అడిగి, నాతో రాయించుకుంది. సినిమా మాట ఇద్దరూ ఎత్తలేదు.